వార్షిక నివేదిక 2024–25: బతుకమ్మ పాట పిల్లల నోటికి చేరిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దమ్మ లేచి, "ఆడేటోళ్లు మస్తు మంది ఉన్నరు, పాట ఎత్తుకునేటోళ్లేరి?" అని అడిగింది. ఎవరి దగ్గరా జవాబు లేదు. సిరిసిల్ల, కరీంనగర్, నల్లగొండ వైపు నుంచి సాంచెల (మరమగ్గాల) పనికి మహారాష్ట్రలోని భివండి వచ్చిన మన కుటుంబాల్లో ఇప్పుడు మూడో తరం పెరుగుతోంది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సందులో హిందీ. కొన్నేళ్లుగా మన పద్మనగర్‌లో స్పీకరు పాడుతుంటే మనం చప్పట్లు కొడుతున్నాం. అందుకే ఈసారి కార్యవర్గం తక్కిన పనులు తగ్గించుకుని పాట మీదే కూర్చుంది.

శ్రావణం నుంచి ప్రతి ఆదివారం సాయంత్రం పెద్దవాళ్లు పిల్లలకు పాటలు నేర్పారు. పిల్లలకు తెలుగు లిపి రాదు కాబట్టి పాటలను దేవనాగరిలో రాసి కాగితాలు పంచాం. దీని మీద గట్టి వాదనే జరిగింది. "మన అక్షరం పోయినంక మిగిలేదేంది?" అన్నవారి బాధ అర్థం చేసుకోదగ్గదే. పైగా ఆ లిపిలో 'ఎ'కు, 'ఏ'కు తేడా లేదు. మెడలో హారం కాస్తా మేడలో హారమైంది! మూడో వారానికి పద్ధతి మార్చాం. ముందు పెద్దమ్మ ఎత్తుకోవాలి, పిల్లలు 'ఉయ్యాలో' అని అందుకోవాలి, నోటికి వచ్చాకే కాగితం చేతికి. పాట నిలబడాలంటే ఇదే దారి అని నా నమ్మకం. లిపి నేర్పడం మానలేదు, అది వేరుగా సాగుతోంది.

అక్టోబరు 2న ఎంగిలిపూల నాడు మొదలుపెట్టి 10న సద్దుల దాకా ఆడాం. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చం. ఎందుకు అలిగిందని పిల్లలు అడిగితే, వెనకట మాంసం తగిలిందని అలిగిందట అంటూ పెద్దవాళ్లు చెప్పిన కథే ఆ సాయంత్రపు పాఠమైంది. తంగేడు ఇక్కడ దొరకదు. బంతి, చామంతి దాదర్ పూల మార్కెట్ నుంచి తెచ్చాం. గునుగు మాత్రం ఇక్కడిదే. మరాఠీ వాళ్లు 'కుర్డూ' అని కూర వండుకునేది ఇదేనని పక్కింటి ఆవిడ చూపించేదాకా మాకు తెలియదు.

ఆవిడే తమ భోండ్లా సంగతి కూడా చెప్పింది. నవరాత్రుల రోజుల్లోనే ఆడపిల్లలు ఏనుగు బొమ్మ చుట్టూ తిరుగుతూ పాడతారు. చివర్లో మూతపెట్టిన గిన్నెలో ఏ ప్రసాదం ఉందో అందరూ ఊహించాలి. ఆ ప్రసాదాన్ని ఖిరాపత్ అంటారు. సద్దుల నాడు మన పిల్లలు సత్తుపిండి, మలీద గిన్నెలకు మూతలు పెట్టి, వచ్చిన మరాఠీ అత్తలను "చెప్పుకోండి చూద్దాం" అని ఆటపట్టించారు. ఎవరూ నేర్పలేదు. వాయినం ఇచ్చిపుచ్చుకోవడం మాత్రం మన పద్ధతిలోనే జరిగింది. ఆ మూతల ఆట వచ్చే ఏడాదీ ఉండాలని నా కోరిక.

ఆగస్టు 19న జంధ్యాల పౌర్ణమికి మార్కండేయ స్వామి పూజ ఎప్పటిలాగే చేశాం. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

ఒక లోటు చెప్పాలి. రాత్రిపాళీ చేసేవాళ్ల పిల్లలు ఆదివారం తరగతులకు అందలేదు. ఈసారి వారం మధ్యలో, మధ్యాహ్నం పూట మరో తరగతి పెడతాం. ఆ వేళకు వచ్చి పాట ఎత్తుకోగల పెద్దవాళ్లు ఇద్దరు కావాలి. మీ ఇంట్లో ఉంటే కార్యదర్శికి చెప్పండి.

— కార్యవర్గం తరఫున