శీనూకు, గెట్‌ఫస్ట్ గొడవ గురించి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. సగం ఉత్తరం, కోడ్ నడవకముందే తప్పులు పట్టే కంపైలర్‌ను తిట్టడానికే ఖర్చు చేశావు కదరా! జావాలో నువ్వు సృష్టించిన ఆబ్జెక్ట్ లింక్డ్‌లిస్టే, దానికి మొదటి అంశాన్ని ఇచ్చే గెట్‌ఫస్ట్ ఉంది, అయినా ఆ పేరే ఎరగనట్టు ఎర్రగీత గీసిందని నీ బాధ. మరి వేరియబుల్‌ను లిస్ట్ అని ప్రకటించింది ఎవరు నాయనా?

జావా కంపైలర్ 'న్యూ' తర్వాత నువ్వేం రాశావో లెక్కలోకి తీసుకోదు. వేరియబుల్ రకంలో ఆ మెథడ్, అంటే పేరుపెట్టి పిలిచే కోడ్ ముక్క, ఉందా లేదా, అంతే చూస్తుంది. పెళ్లికి వంట మాట్లాడుకున్న ఆయనకు నాదస్వరం కూడా వచ్చి ఉండవచ్చు, కానీ బేరం కుదిరింది వంటకే. అయితే వంట మాత్రం అచ్చంగా ఆయన చేతిదే. యాడ్ అని పిలిస్తే నడిచేది లింక్డ్‌లిస్ట్‌లో రాసిన యాడే. ఏది పిలవవచ్చో వేరియబుల్ రకం తేలుస్తుంది. పిలిచాక ఏది నడవాలో ఆబ్జెక్ట్ తేలుస్తుంది.

తమాషా ఏమిటంటే, మీ ఆఫీసులో జావా 17 దగ్గరే ఆగిపోయారు కాబట్టి నీకీ తిప్పలు. 2023లో వచ్చిన జావా 21లో గెట్‌ఫస్ట్‌ను లిస్ట్ ఇంటర్‌ఫేస్‌లోనే, అంటే ఏయే మెథడ్‌లు పిలవవచ్చో చెప్పే ఒప్పందంలోనే, చేర్చారు. నీ లైను అక్షరం మార్చకుండా అక్కడ కంపైల్ అవుతుంది.

ఇది లింక్డ్‌లిస్టేనని కంపైలర్‌కు గట్టిగా చెప్పి, అంటే కాస్ట్ చేసి, గట్టెక్కానన్నావు, అదే నాకు నచ్చలేదు. రేపు ఇంకెవరో నీ మెథడ్‌కు, అరేను (నిర్ణీత పొడవున్న వరుసను) లిస్టుగా చూపే అరేస్.యాజ్‌లిస్ట్ ఇచ్చిన లిస్టును పంపితే, ప్రోగ్రాం నడుస్తూ నడుస్తూ, రకం కుదరలేదనే క్లాస్‌కాస్ట్‌ఎక్సెప్షన్‌తో కూలబడుతుంది. అరేలిస్ట్‌గా కాస్ట్ చేసినా అదే గతి! దాని క్లాస్ పేరూ అరేలిస్టే గానీ మనం రోజూ వాడేది కాదు, అరేస్ లోపల దాచిపెట్టిన వేరొకటి. ఇలాంటి పేర్లు పెట్టినవాళ్లకు ఒక దండం. కాస్ట్ తప్పదనుకుంటే ముందు ఆబ్జెక్ట్ ఆ రకమేనా అని ఇన్‌స్టాన్స్‌ఆఫ్‌తో అడుగు. జావా 16 నుంచి ఆ పరీక్షలోనే ఆ రకపు కొత్త వేరియబుల్ కూడా చేతికొస్తుంది.

సీషార్ప్ అనే మరో భాషలో దీనికి తిరగబడ్డ వింత ఉంది. మామూలు ఇంట్ అరేకు యాడ్ కనిపించదు. అదే అరేను ఐలిస్ట్ అనే ఇంటర్‌ఫేస్ రకపు వేరియబుల్‌లో పెట్టు, యాడ్ ప్రత్యక్షం! కంపైలర్ కిమ్మనదు, నడిపితే మాత్రం ఈ పని కుదరదనే నాట్‌సపోర్టెడ్‌ఎక్సెప్షన్.

నీ పనికి కాస్ట్ అక్కర్లేదనిపిస్తోంది. లింక్డ్‌లిస్ట్, రెండు చివర్లా చేర్చి తీసే వరుస కోసం ఉన్న డెక్ ఇంటర్‌ఫేస్‌ను కూడా అమలు చేస్తుంది, గెట్‌ఫస్ట్ అందులో మొదటినుంచీ ఉంది. వేరియబుల్‌ను డెక్ అని మార్చు. కాకపోతే డెక్‌లో ఇండెక్స్‌తో, అంటే స్థానం సంఖ్యతో, తీసే గెట్ ఉండదు. నీ కోడ్‌లో అది ఎక్కడైనా వాడావేమో చూసి, వెంటనే జాబు రాయి.

నీ
రాము