బాబాయ్ ఆపరేషన్ గురించి

విజయవాడ, సూర్యారావుపేట
ఆదివారం రాత్రి

ఒరేయ్ తమ్ముడూ,

"మెడలో రక్తనాళాన్ని కాసేపు కట్టేస్తారంట కదరా, ఆ కాసేపూ నాన్న మెదడు సంగతేంటి?" అని నిన్న అడిగావు. డ్యూటీలో ఉండి సరిగ్గా చెప్పలేకపోయాను. ఆ కాసేపూ మెదడుని కనిపెట్టుకుని ఉండటమే నా ఉద్యోగం. అందుకే తీరిగ్గా రాస్తున్నా.

బాబాయ్ కుడిచేతిలో కాఫీ గ్లాసు జారిపోయి, పావుగంటలో చెయ్యి మామూలైపోయినా మీరు అశ్రద్ధ చెయ్యలేదు చూడు, చాలా మంచి పని చేశారు. ఎడమ కెరోటిడ్‌లో, అంటే మెడలోంచి మెదడుకి రక్తం తీసుకెళ్లే నాళంలో, పేరుకున్న కొవ్వులోంచి చిన్న ముక్క పైకి కొట్టుకుపోయినా పక్షవాతం వస్తుంది. ఇలా లక్షణాలు కనిపించి, నాళం 70 శాతం పైన ఇరుకైన వాళ్లకి ఆ కొవ్వు తీసేసే ఆపరేషన్ బాగా మేలు చేస్తుందని 1991లోనే తేలింది.

ఇక నీ భయం. కొవ్వు తీసేటప్పుడు ఆ నాళంలో రక్తం ఆపక తప్పదు. ఒక కాలవ కట్టేస్తే పక్క కాలవ నీళ్లు అందినట్టు, మెదడు అడుగున నాళాలన్నీ వలయంలా కలిసి ఉంటాయి కాబట్టి కుడివైపు నుంచి, వెనక నుంచి రక్తం వస్తుంది. కానీ ఆ వలయం అందరికీ పూర్తిగా ఉండదు. ఎవరికి చాలుతుందో, ఎవరికి చాలదో నాళాన్ని నొక్కిపట్టే క్లాంప్ పెట్టాక చూడాలి.

అందుకే తలమీద ఎలక్ట్రోడ్లు అంటించి ఈఈజీ పెడతాం, అంటే మెదడులో విద్యుత్ అలల్ని తెరమీద చూపించే పరీక్ష. 1924లో జర్మనీలో హాన్స్ బెర్గర్ మొదటిసారి మనిషి మెదడు అలల్ని పట్టుకున్నాడే, అదే పద్ధతి. మత్తు ఇచ్చాక అలలు ఎలా ఉన్నాయో ముందే చూసి పెట్టుకుంటాను. క్లాంప్ పడగానే గదిలో మాటలు ఆగిపోతాయి. రక్తం చాలకపోతే ఎడమవైపు వేగంగా ఆడే సన్నటి అలలు ముందు చప్పబడతాయి, తర్వాత నెమ్మదిగా కదిలే పెద్ద అలలు వస్తాయి. రెండు వైపులా ఒకేసారి మారితే మత్తు ఎక్కువైందేమో, బీపీ తగ్గిందేమో అని చూస్తాం. ఒక్క ఎడమవైపే మారితే వెంటనే "సర్, ఎడమవైపు పడిపోతోంది" అని చెప్పేస్తా. మత్తు డాక్టరు బీపీ పెంచుతారు, సర్జన్ షంట్ అనే చిన్న గొట్టం పెట్టి రక్తాన్ని మళ్లిస్తారు. అందరికీ ముందే పెట్టెయ్యొచ్చు కదా అంటావేమో. ఆ గొట్టం దూర్చేటప్పుడే ముక్క ఊడే ప్రమాదం ఉంది, అందుకే చాలామంది సర్జన్లు అవసరమైతేనే పెడతారు.

నువ్వు గట్టిగా పట్టుకోవాల్సిన మాట ఒకటుంది. మెదడులో ప్రతి 100 గ్రాములకీ నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం అందుతుంది. అది 20 దరిదాపులకి పడితే అలలు మారిపోతాయి, కణాలు చచ్చిపోవడానికి ఇంకా తగ్గాలి. ఆ మధ్యలో దొరికే వ్యవధి కోసమే నేను తెరమీంచి కన్ను తిప్పను. మెదడు లోతుల్లో చిన్నచోట దెబ్బ తగిలితే ఈఈజీలో కనపడకపోవచ్చు, అది నీ దగ్గర దాచను. అందుకే మెలకువ రాగానే బాబాయ్‌ని చేతులు, కాళ్లు కదపమంటారు, మాట్లాడిస్తారు.

బుధవారం నేనే కూర్చుంటానని అడిగి ఒప్పించుకున్నాను. చిన్నప్పుడు సైకిల్ మీద ముందు నిన్నూ, వెనక నన్నూ కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్లిన మనిషిరా.

బీపీ మాత్రలు, రక్తం పలచబడే మాత్రలు డాక్టర్ని అడక్కుండా ఆపొద్దు. మంగళవారం బాబాయ్‌కి తలస్నానం చేయించి, నూనె మాత్రం రాయొద్దని పిన్నికి చెప్పు. జిడ్డుంటే ఎలక్ట్రోడ్లు సరిగ్గా అంటుకోవు. బస్టాండులో దిగగానే ఫోన్ చెయ్యి, కారు తెస్తాను. పిన్ని మా ఇంట్లోనే ఉంటుంది, అమ్మ అప్పుడే పక్క సర్ది పెట్టింది.

నీ
అన్నయ్య