24 ఎక్స్ స్కోపులు కొన్నవారికి మా దుకాణం నుంచి

గత దసరా నుంచి ఈ ఉగాది వరకు మా వద్ద 6-24 ఎక్స్ 50 స్కోపు (తుపాకీ మీద బిగించే, బొమ్మను 6 నుంచి 24 రెట్లు పెద్దది చేసి చూపే, 50 మిల్లీమీటర్ల ముందు అద్దం ఉన్న దూరదర్శిని) కొన్న పంతొమ్మిది మందికీ, కొనాలని ధర అడిగి వెళ్ళినవారికీ ఈ మాటలు రాస్తున్నాను. ఆ స్కోపుల్లో గురిని పైకీ కిందికీ, పక్కలకూ సరిచేసే టరెట్లు (తిప్పే మరలు) తిప్పినంత మేర గురి కదలడం లేదు. మీ గురి తప్పడానికి కారణం మీ చేయి కాదు, స్కోపే. అన్నిటినీ వెనక్కి తీసుకుని పూర్తి సొమ్ము చెల్లిస్తాను. అయితే ఈ సంగతి నాకు ఎలా తెలిసిందో, తెలుసుకోవడానికి ఇంత ఆలస్యం ఎందుకైందో కూడా మీకు చెప్పవలసి ఉంది.

మా నాన్నగారి కాలం నుంచీ గుంటూరు నుంచి విజయవాడ దాకా వచ్చి మా వద్దే కొనే ఒక పెద్దాయన, తన పాయింట్ 22 (0.22 అంగుళాల తూటా వాడే) రైఫిల్ కోసం ఈ స్కోపు తీసుకున్నారు. 50 మీటర్లకు జీరో చేసుకున్న (ఆ దూరంలో గురిపెట్టిన చోటే తగిలేలా స్కోపును సరిచేసుకున్న) పాయింట్ 22 తూటా 100 మీటర్లకు చేరేసరికి దాదాపు జానెడు దిగిపోతుంది. ఆ దిగుడుకు సరిపడా టరెట్ పైకి తిప్పుకుని కాల్చడం, మళ్ళీ 50కి వచ్చినప్పుడు అన్నే క్లిక్కులు (టరెట్ టిక్కుమంటూ తిరిగే మెట్లు) కిందికి తిప్పుకోవడం ఆయన పద్ధతి. అలా తిప్పి వచ్చిన ప్రతిసారీ జీరో తప్పుతోందని ఆయన సంక్రాంతికి ముందే నాతో చెప్పారు. స్కోపును తుపాకీకి పట్టి ఉంచే మౌంట్ రింగులు వదులై ఉంటాయన్నాను, బిగించి పంపాను. రెండోసారి వస్తే, పక్కనున్న పారలాక్స్ చక్రాన్ని దూరానికి తగ్గట్టు పెట్టకపోతే కన్ను కాస్త పక్కకు జరిగినా రెటికిల్ (స్కోపులో కనిపించే గురి గీతలు) గురి మీద నుంచి జరిగినట్టు కనిపిస్తుందని చెప్పాను. ఆ మాట నిజమే గాని, ఆయన జబ్బుకు అది మందు కాదు. మూడోసారి, దుకాణంలో నలుగురు ఉండగా, ట్రిగ్గర్ గుంజుతున్నారేమో చూసుకోమన్నాను. ఆయన కోప్పడలేదు. “మీ మాట మీద కొన్నాను బాబూ. డబ్బు పోతే పోయింది, మూడు నెలల సాధన పోయింది” అని స్కోపును బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

ఆ ఆదివారం గన్నవరం దగ్గర మా బావమరిది మామిడితోటకు వెళ్ళి, పంపుసెట్టు సిమెంటు దిమ్మెకు ఇనుప పట్టీలతో ఆ స్కోపును కదలకుండా బిగించాను. ఈ పరీక్షకు తుపాకీ అక్కర్లేదు. టేపుతో కొలిచి సరిగ్గా 50 మీటర్ల దూరంలో షెడ్డు గోడకు గ్రాఫ్ కాగితం అతికించి, రెటికిల్ మధ్య గీతను అడుగు గీత మీద నిలిపాను. ఒక ఎమ్ఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, అంటే 100 మీటర్ల వద్ద 2.9 సెంటీమీటర్లు. క్లిక్కుకు పావు ఎమ్ఓఏ చొప్పున 40 క్లిక్కులు తిప్పితే 50 మీటర్ల వద్ద గీత 14.5 సెంటీమీటర్లు జరగాలి. 13 దగ్గరే ఆగింది. వెనక్కి 40 క్లిక్కులు తిప్పితే బయలుదేరిన గీత మీదికి రావాలి. గోరు వెడల్పు పైనే నిలిచింది. అంతకన్నా నన్ను బాధపెట్టింది, దిశ మార్చి తిప్పిన మొదటి రెండు క్లిక్కులకు గీతలో చలనమే లేకపోవడం. చేతికి టిక్కుమని స్పష్టంగా తెలుస్తుంది, లోపల ఏమీ కదలదు, మూడో క్లిక్కుకు ఒక్కసారిగా గెంతుతుంది. దుకాణంలో మిగిలిన ఏడింటినీ సాయంత్రం దాకా అలాగే పరీక్షించాను. రెండు మాత్రమే లెక్కకు దగ్గరగా వచ్చాయి.

టరెట్ స్క్రూ స్కోపు లోపలి చిన్న గొట్టాన్ని ఒక వైపు నుంచి నెడుతుంది, ఎదురుగా ఒక స్ప్రింగ్ ఆ గొట్టాన్ని స్క్రూకు ఆనించి పట్టి ఉంచుతుంది. ఆ స్ప్రింగ్ బలహీనమైనా, స్క్రూ మరలు అరకొరగా కోసినా, పైన అంకె మారుతుంది గాని లోపలి గొట్టం ఉన్నచోటే ఉంటుంది. అద్దాలు బాగున్నాయని, బొమ్మ స్పష్టంగా ఉందని చూసి సరుకు దించుకున్నవాడిని నేనే. దూరపు గురికి కొనే స్కోపులో అద్దం కన్నా ముందు టరెట్‌ను పరీక్షించాలన్న సంగతి తెలిసీ చేయలేదు.

పదకొండేళ్ళుగా మాకు సరుకు పంపుతున్న టోకు వ్యాపారికి ఈ కొలతలన్నీ ఫోటోలతో పంపాను. “ఆ ధరకు అంతే వస్తుంది, కొన్నవాళ్ళలో టరెట్ తిప్పేవాళ్ళు ఎంతమంది ఉంటారు” అన్నారు. మిగిలినవాటిని సగం ధరకు ఎయిర్‌గన్ కుర్రాళ్ళకు అమ్మేయమని సలహా కూడా ఇచ్చారు. స్ప్రింగ్ ఎయిర్‌గన్‌లో పిస్టన్ ముందుకు దూకేటప్పుడు తుపాకీ వెనక్కి తంతుంది, పిస్టన్ చివర కొట్టుకున్నప్పుడు మళ్ళీ ముందుకు కుదుపుతుంది. ఆ రెండు దిక్కుల దెబ్బకు గట్టి స్కోపులే పాడవుతాయి. అటువంటి తుపాకీ మీదికి ఈ సరుకును అంటగట్టమని నాకు చెప్పడం నేను మరచిపోగలిగే మాట కాదు. ఆయన తన తరఫున పైసా వెనక్కి ఇవ్వలేదు. ఇక మీదట ఆయన వద్ద ఒక్క స్క్రూ కూడా కొనను. నష్టం ఎంతైనా ఆ ఏడు స్కోపులూ మా అటక మీదే ఉంటాయి గాని ఎవరి తుపాకీ మీదికీ వెళ్ళవు.

ఇక వాటి స్థానంలో ఏమి తెప్పించాలన్న దాని మీద నెల రోజులు మథనపడ్డాను. అందరూ 24 అంకె చూసే కొంటారని, 16 పెడితే వ్యాపారం పోతుందని మా తమ్ముడి వాదన. కాని మీ అందరికీ అనుభవమే: రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే మన ఎండలో ఉదయం తొమ్మిది దాటితే నేల మీది వేడిగాలి 24 ఎక్స్‌లో లక్ష్యాన్ని నీళ్ళలో ఉన్నట్టు ఊగిస్తుంది, మీరే 12కో 14కో తగ్గించుకుంటారు. 50 మిల్లీమీటర్ల అద్దాన్ని 24తో భాగిస్తే కంటికి చేరే వెలుగు వలయం 2.1 మిల్లీమీటర్లు మాత్రమే. 44ను 16తో భాగిస్తే 2.75 వస్తుంది, తల పెట్టగానే బొమ్మ దొరుకుతుంది. పైగా ఆ పాత స్కోపులో రెటికిల్ రెండో ఫోకల్ ప్లేన్‌లో ఉండేది, అంటే జూమ్ మార్చినా దాని గీతల పరిమాణం మారదు, కాబట్టి దిగుడు కొలిచే చుక్కల లెక్క 24 వద్దనే సరిపోయేది. 12కు తగ్గిస్తే అవే చుక్కల మధ్య దూరం రెట్టింపు కోణానికి సమానమవుతుంది. ఇది చెప్పకుండా అమ్మడం కూడా నా లోపమే. అందుకే 4-16 ఎక్స్ 44, మొదటి ఫోకల్ ప్లేన్ రెటికిల్ (జూమ్ తో పాటే పెరిగి తగ్గేది, అందుకే చుక్కల లెక్క ఏ జూమ్ వద్దనైనా సరిపోతుంది), 30 మిల్లీమీటర్ల గొట్టం, క్లిక్కుకు 0.1 మిల్ (మిల్ అంటే దూరంలో వెయ్యో వంతు) ఉన్న స్కోపును ఎంచుకున్నాను. 100 మీటర్లకు ఒక క్లిక్కు సరిగ్గా ఒక సెంటీమీటరు. మీటర్లలో లెక్క వేసుకునే మనకు ఇది సులువు. ధర పాతదాని కన్నా ఎక్కువే. తగ్గించమని అడిగినా తగ్గించలేను. 24 ఎక్సే కావాలన్నవారు మరో దుకాణంలో తీసుకోవచ్చు, నేను మాత్రం ఈ ధరల్లో దానిని మళ్ళీ పెట్టను.

పారిస్‌లో 2024లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్ మూడు భంగిమల పోటీలో కాంస్యం గెలిచినప్పటి నుంచి, పిల్లలను రైఫిల్ శిక్షణలో చేర్చి స్కోపు కోసం మా వద్దకు వస్తున్న తల్లిదండ్రులకు ఒక్క మాట: ఒలింపిక్ రైఫిల్ పోటీల్లో టెలిస్కోపుకు అనుమతి లేదు, అక్కడ వాడేది రంధ్రం గుండా చూసే అపెర్చర్ సైటు. ఆ పిల్లలకు స్కోపు అమ్మను.

ఇకపై మా దుకాణం నుంచి వెళ్ళే ప్రతి స్కోపునూ అదే దిమ్మె మీద బిగించి పైకి, కిందికి, కుడికి, ఎడమకు తిప్పి, ఎన్ని క్లిక్కులకు ఎన్ని సెంటీమీటర్లు కదిలిందో నా చేతితో రాసిన చీటీ పెట్టెలో పెడతాను. లెక్క తప్పినది అమ్మకానికి రాదు. దీనివల్ల మీరు అడిగిన రోజు కాక వారం తర్వాత ఇవ్వవలసి రావచ్చు.

గుంటూరు పెద్దాయన ఇంటికి నేనే వెళ్ళి సొమ్ము ఇచ్చి, నలుగురి ముందు అన్న మాటకు క్షమాపణ చెప్పుకున్నాను. మిగిలినవారు బిల్లు లేకపోయినా రావచ్చు, పంతొమ్మిది సీరియల్ నంబర్లూ మా పుస్తకంలో ఉన్నాయి. రింగుల గీతలు పడినా, పెట్టె పోయినా అభ్యంతరం లేదు. తుపాకీని దుకాణానికి తీసుకురాకుండా, స్కోపును ఇంటి వద్దనే విప్పి తెండి. రింగులు మీ వద్దే ఉంచుకోండి. పాత స్కోపు గొట్టం కూడా 30 మిల్లీమీటర్లదే కాబట్టి కొత్తదానికి అవే సరిపోతాయి.