ఇంజన్‌ను అనుమానించే ముందు

అమ్మలూ,

నాన్న ఆశీస్సులు. నిన్న ఫోనులో నువ్వన్న మాట రాత్రంతా బుర్రలో తిరుగుతూనే ఉంది. "అయిదు వేల ఆర్‌పీఎం దగ్గర గుర్రంలా పరుగెడుతోంది నాన్నా, కింద మాత్రం అసలు లాగడం లేదు" అన్నావు. ఇంజన్ విప్పాల్సిందేనని గ్యారేజీలో చెప్పారట. తొందరపడకు. కంప్రెషన్ (సిలిండర్లలో గాలిని బిగించి నొక్కే బలం) పోయిన ఇంజన్ పైన మాత్రం ఎందుకు పరుగెడుతుంది? నీది 1980ల నాటి టయోటా ఎంఆర్2 కారు, లోపల ఉన్నది 4ఏ-జీఈ ఇంజన్. నేనైతే ముందు టీ-విస్ చూస్తాను, అదే ఇంజన్ వేగాన్ని బట్టి గాలి దారుల్ని మార్చే ఏర్పాటు.

దాని సంగతి ఇదీ. ఒక్కో సిలిండర్‌కు రెండేసి చొప్పున మొత్తం ఎనిమిది గాలి దారులున్నాయి. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు ఎనిమిదీ తెరిచి ఉంటే గాలి నీరసంగా వస్తుంది. అందుకని నాలుగు దారులకు చిన్న రేకు తలుపులు పెట్టారు. అవి మూసుకున్నప్పుడు మిగతా నాలుగింటిలో గాలి జోరందుకుంటుంది, నీళ్ల పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టినట్టు. నిమిషానికి నాలుగు వేల చుట్లు (ఆర్‌పీఎం) దాటాక తలుపులు తెరుచుకుంటాయి. ఇదే అవసరానికి పోర్షే వాళ్లు 1996 మోడల్ 911లో వేరియోరామ్ పేరుతో గొట్టాల పొడవునే మార్చారు. ఆ ఇంజన్ శక్తి 272 నుంచి 285 హార్స్‌పవర్‌కు పెరగడంలో దాని వాటా ఉంది. నాకైతే నీ బండిలోని నాలుగు రేకులే ముద్దు. కంటికి కనిపించే పని.

ఒక్కటి గుర్తుంచుకో: తలుపులను మూసేది వ్యాక్యూమ్ (ఇంజన్ గాలి పీల్చేటప్పుడు పుట్టే లాగుడు), తెరిచేది స్ప్రింగ్. ఆ లాగుడును తెచ్చే గొట్టం పగిలినా, దానికి కదిలే రబ్బరు పొర, డయాఫ్రం, చిరిగినా తలుపులు తెరిచే ఉండిపోతాయి. బండి ఎక్కడా ఆగిపోదు, కింద పికప్ తగ్గుతుందంతే. దాన్ని అందరూ వయసు ఖాతాలో రాసేస్తారు, నా మోకాళ్ల నొప్పిలాగే.

ఇంజన్ వేడెక్కాక ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉంచి, యాక్చుయేటర్ కడ్డీని, అంటే డయాఫ్రం లాగితే తలుపులను తిప్పే కడ్డీని చూడు. జడ ముడి వేసుకో, పక్కనే బెల్టు తిరుగుతుంటుంది. కడ్డీ లోపలికి లాగి ఉండాలి. ఎవరినైనా యాక్సిలరేటర్ తొక్కమను, నాలుగు వేల ఆర్‌పీఎం దాటాక కడ్డీ టక్కున వదలాలి. ఐడిల్‌లోనే కదలకపోతే ఇంజన్ ఆపి, యాక్చుయేటర్‌కు చేత్తో నొక్కే వ్యాక్యూమ్ పంపు తగిలించి వ్యాక్యూమ్ ఇవ్వు. ఒక నిమిషం పాటు పంపు మీటరు ముల్లు నిలవాలి. పంపు లేకపోతే శుభ్రమైన గొట్టం ముక్క తగిలించి నోటితో పీల్చి, కొనకు నాలుక అడ్డం పెట్టు. నాలుక అతుక్కుని ఉందంటే డయాఫ్రం బాగున్నట్టే. ముల్లు నిలిచినా కడ్డీ కదలకపోతే తలుపుల ఇరుసుకు మసి పట్టి ఉంటుంది. ప్లయర్‌తో మాత్రం తిప్పకు. క్లీనర్ కొట్టి నానబెట్టు.

ఇక్కడే నేనొకసారి బోల్తా పడ్డాను. నువ్వింకా బడికి వెళ్లని రోజులు, నా దగ్గరా ఇలాంటి పాత బండే ఉండేది. ఐడిల్‌లో కడ్డీ బుద్ధిగా లాగేది. ఇంకేం, ఇది బాగుందని తీర్మానించేసి ప్లగ్గులు మార్చాను, ఇంజెక్టర్లు కడిగించాను, ఆఖరికి పెట్రోలు పంపు కూడా మార్చాను. చివరికి మీ అమ్మ ఊరికే అన్నట్టు అంది: "మామూలుగా బాగానే పోతోందండీ, ఎత్తు ఎక్కేటప్పుడే నీరసపడుతోంది." యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే మానిఫోల్డ్‌లో, అంటే సిలిండర్లకు గాలి పంచే గొట్టాల్లో, వ్యాక్యూమ్ దాదాపు ఉండదు. ఆ కాసేపు తలుపులను మూసి పట్టుకునేది చిన్న ట్యాంకులో దాచిన వ్యాక్యూమ్. అది వెనక్కి జారిపోకుండా మధ్యలో గాలిని ఒకవైపే పోనిచ్చే బొటనవేలంత చెక్ వాల్వ్ ఉంటుంది. నా బండిలో అదే కారుతోంది. ఐడిల్‌లో పాసు, ఎత్తు మీద ఫెయిలు!

కాబట్టి ఐడిల్ పరీక్షతో ఆగిపోకు. ఇంజన్ ఆపి రెండు నిమిషాలాగి ట్యాంకు గొట్టం లాగు. బుస్సుమనాలి. చప్పుడు లేకపోతే చెక్ వాల్వ్ తీసి నోటితో ఊదు, గాలి ఒకవైపే పోవాలి. మళ్లీ బిగించేటప్పుడు తిరగేసి పెట్టకుండా ముందే ఫొటో తీసుకో. గొట్టాలను కొనల దగ్గర వంచి చూడు. రబ్బరు గట్టిపడి పగుళ్లు బయటపడేది అక్కడే. అంతా బాగుంటే మిగిలింది సొలినాయిడ్, వ్యాక్యూమ్‌ను కరెంటుతో మళ్లించే వాల్వ్. పన్నెండు వోల్టులిస్తే క్లిక్కుమనాలి, గాలి దారి మారాలి. క్లిక్కుమన్నా బండిలో పనిచేయకపోతే కనెక్టర్‌లో పచ్చగా చిలుము పట్టిందేమో చూడు.

ఆదివారం పొద్దున్నే ఫోను చెయ్యి, వీడియోలో కడ్డీ చూపించు. అప్పటిదాకా గ్యారేజీ వాళ్లను ఒక్క నట్టు కూడా విప్పనివ్వకు.

మీ నాన్న