పిడికెడు బియ్యం పరిచర్య: 2024 వార్షిక నివేదిక

ప్రభువునందు ప్రియమైన అక్కలకు, చెల్లెళ్లకు, పాస్టర్ అయ్యగారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకు వందనాలు.

జనరల్ బాడీలో సెక్రటరీ నివేదిక చదవాలన్నది రూలు. రూలు లేకపోయినా రాసేదాన్నే, ఎవరు ఏం చేశారో ఎక్కడో ఒకచోట ఉండాలి కదా.

పిడికెడు బియ్యం గురించి మీకు కొత్తగా చెప్పేదేం లేదు. ఎసట్లో పోసేముందు ఒక గుప్పెడు తీసి డబ్బాలో వేయడం మన అమ్మమ్మల నాటి అలవాటు. ఈమధ్య బియ్యం బదులు ఫోన్‌పే చేస్తున్నారు. వద్దనను, కానీ పొయ్యి దగ్గర నిలబడ్డప్పుడల్లా ఆకలితో ఉన్నవాళ్లు గుర్తుకు రావాలని పెట్టిన పద్ధతి అది, నెలకోసారి ఫోన్ నొక్కితే ఏం గుర్తుంటుంది? ఇంకో మాట, పురుగు పట్టినవి తెచ్చి పోయకండి, మీరు తినేవే తెండి.

ఇక సింగ్‌నగర్ సంగతి. సెప్టెంబర్ 1 ఆదివారం బుడమేరు వాగు పొంగి విజయవాడ మీద పడ్డాక అందరిలాగే మనమూ పులిహోర పొట్లాలు పంపాం. అసలు పని నీళ్లు తీశాక మొదలైంది. బురద, ఆ వాసన, ఉబ్బి పగిలిన బియ్యం బస్తాలు. పారలు, తట్టలు, చీపుర్లు వేసుకుని పదకొండు మందిమి వెళ్లాం. ఒక సందులో మామ్మగారు గుమ్మంలోనే ఆపి "ఏ పార్టీ అమ్మా మీరు?" అని అడిగారు. పార్టీ కాదండీ, చర్చివాళ్లం, ప్రార్థన చేయమంటారా అని మనలో ఒకరు అంటే, "ప్రార్థన తర్వాత, ముందు ఆ బీరువా పట్టండి" అన్నారు. పట్టాం. నలుగురం లాగితేగాని కదల్లేదు, తలుపు తీస్తే బురదనీళ్లతోపాటు పెళ్లినాటి పట్టుచీర జారిపడింది. దాన్ని మూడు బకెట్ల నీళ్లలో జాడించి మేడమీద ఆరేశాం. సాయంత్రం ఆవిడే ఎవరి పొయ్యి మీదో టీ పెట్టించి తెచ్చి, ఇప్పుడు చేయండమ్మా మీ ప్రార్థన అన్నారు. సువార్త కరపత్రాలు సంచిలోంచి తీయొద్దని ఆరోజు చెప్పింది నేనే. ఆ కోపం కొందరికి ఇంకా ఉంది, ఉండనివ్వండి. బైబిల్లో మంచి సమరయుడు దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాడి గాయాలు కట్టేముందు అతన్ని ఏమీ అడగలేదు.

పదకొండు మందిమి అన్నాను కదా, గ్రూపులో "నేనూ వస్తా" అన్నవాళ్లు ముప్ఫైమందికి పైనే. మిగతావాళ్లు దణ్ణం బొమ్మలు పెట్టారు. వాటితో బురద పోదండీ.

ఆసుపత్రిలో రోగుల తాలూకు వాళ్లకు గురువారాల్లో పెట్టే భోజనం ఆగస్టు నుంచి ఆగిపోయింది. అనుమతి కోసం మూడుసార్లు అర్జీ ఇచ్చాం, ప్రతిసారీ సార్ మీటింగులో ఉన్నారనే జవాబు. ఇప్పుడు గేటు బయటే పొట్లాలు ఇస్తున్నాం. వృద్ధుల పరామర్శ మాత్రం ఒక్క నెల కూడా తప్పలేదు.

జమాఖర్చుల కాగితం కోశాధికారి అక్క దగ్గరుంది, చూసుకోండి. కొంచెం మిగులే, అప్పు లేదు.

వాహనం ఇచ్చిన అన్నకు, కిరాయి తీసుకోని ఆటో తమ్ముడికి, రాత్రి రెండింటికి లేచి చింతపండు పిసికిన అత్తలకు, గిన్నెలు తోమిన యవ్వనస్థులకు (వాళ్లను మెచ్చుకోవాల్సిందే, ఎవరూ చెప్పకుండానే తోమారు), అమ్మగారికి కృతజ్ఞతలు. పేరు మరిచిపోతే తిట్టుకోకుండా నాకు చెప్పండి, మినిట్స్‌లో రాయిస్తాను.

సింగ్‌నగర్ తీసుకెళ్లిన చర్చి పారలు రెండు, తట్ట ఒకటి ఇంకా తిరిగి రాలేదు. ఎవరింట్లో ఉన్నాయో ఆదివారం తెచ్చేయండి.

మీ సెక్రటరీ