అర్జీలో అడిగేది మొదటి పేరాలోనే ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

సోమవారం వచ్చిందంటే అర్జీలు ఇవ్వడానికి కలెక్టరేట్ల ముందు జనం బారులు తీరుతారు. తెలంగాణలో ప్రజావాణికి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు. ఒక రోజు కూలి వదులుకుని, పొద్దున్నే బస్సెక్కి వచ్చిన మనిషి చేతిలో ఉండేది ఒక్క కాగితం. అది సరిగ్గా లేకపోతే న్యాయమైన పని కూడా మూలన పడుతుంది. అధికారుల నిర్లక్ష్యం గురించి పత్రికల్లో వస్తూనే ఉంది, రావాలి కూడా. అర్జీ ఎలా రాయాలో చెప్పేవాళ్లు మాత్రం కనిపించడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు, అర్జీ చేతులు మారాక ఏమవుతుందో చూడాలి. కౌంటరులో దానికి నంబరు వేస్తారు. అధికారి పైనుంచి నాలుగైదు వరుసలు చూసి, ఖాళీ ఉన్నచోట ‘తహశీల్దారు, ఫలానా మండలం, పరిశీలించి నివేదిక పంపండి’ అని రాసి సంతకం పెడతారు. కాగితం అక్కణ్నుంచి ఒక సెక్షనుకు వెళ్తుంది. ఒకే అర్జీలో అమ్మ పింఛను, ఇంటి ముందు మురుగు కాలువ, భూమి పాస్ పుస్తకంలో తప్పు, మూడూ రాస్తే ఏమవుతుంది? పింఛన్లు చూసే సెక్షనులో కాలువ గురించి ఎవరికీ పట్టదు. పింఛనుకు ఏదో ఒక జవాబు ఇవ్వగానే ఆ నంబరు మూసేస్తారు. మిగతా రెండూ దాంతోపాటే పోతాయి. మూడు పనులుంటే మూడు అర్జీలు, మూడు నంబర్లు. ఎడమవైపు రెండంగుళాల ఖాళీ వదలాలి. అధికారి రాసేది అక్కడే. చోటు లేకుండా నింపేస్తే ఆయన రాత మీ రాతలో కలిసిపోయి, కింది గుమాస్తాకు అర్థం కాదు.

మంచినీళ్ల సంగతి తీసుకుందాం. చాలా అర్జీలు ఇలా మొదలవుతాయి: ‘మహారాజశ్రీ వారి దివ్య సముఖమునకు, మేము నిరుపేదలము, తాతల కాలం నుండి ఈ ఊరిలోనే బతుకుచున్నాము, మా గోడు వినే నాథుడు లేడు...’ పేజీ తిప్పాక ఎక్కడో కింద నీళ్లు రావడం లేదన్న మాట ఉంటుంది. ఆ బాధ నిజమే. కానీ అంతవరకు చదివినా ఏ వీధో, ఎన్ని ఇళ్లో, ఏం చేయాలో తెలియదు.

అదే సంగతి ఇలా రాయొచ్చు:

‘పంచాయతీ కార్యదర్శి గారికి నమస్కారం. విషయం: 4వ వార్డులో పగిలిన మంచినీటి పైపు మరమ్మతు. అయ్యా, మా వార్డు రామాలయం వీధిలో 12 ఇళ్లకు ఈ నెల 3వ తేదీ నుంచి కుళాయి నీళ్లు రావడం లేదు. గుడి మలుపులో, కరెంటు స్తంభం పక్కన పైపు పగిలి నీళ్లు రోడ్డు మీదికి పోతున్నాయి. 5వ తేదీన వాటర్‌మన్‌కు చెప్పాం. కొత్త పైపు ముక్క వేయాలని, తన దగ్గర సామాను లేదని అన్నారు. దయచేసి పైపు మార్పించవలసిందిగా, అందాకా రోజు విడిచి రోజు ట్యాంకరు పంపవలసిందిగా కోరుతున్నాం.’

ఇది అరపేజీ కూడా లేదు. ఎవరినీ దారి అడగకుండా ఆ స్తంభం దగ్గరికి వెళ్లొచ్చు. ఎప్పటినుంచి రావడం లేదో ఉంది, ఇప్పటికే ఎవరికి చెప్పారో ఉంది. అడిగిన రెండు పనులూ కార్యదర్శి చేతిలో ఉన్నవే. ఆయన చేయకపోతే ఎంపీడీఓకు (మండల పరిషత్ అభివృద్ధి అధికారికి) వెళ్లాలి. ఆ రెండో అర్జీకి మొదటిది ఇచ్చిన తేదీ, దాని రసీదు నకలు జతచేయాలి. తిన్నగా కలెక్టరుకు ఇచ్చినా అది తిరిగితిరిగి ఆ కార్యదర్శి బల్ల మీదికే వస్తుంది.

‘తగు చర్యలు తీసుకోగలరు’ అనే ముగింపును మానేయాలని గట్టిగా చెప్పాలనుంది. ఆ మాట రాస్తే ఏది తగునో తేల్చే పని అవతలివారికి వదిలేసినట్టే. కిందివాళ్లకు ఒక మెమో పంపినా అది చర్య కిందే లెక్క. పైపు మార్చాలంటే మార్చమనే రాయాలి.

మర్యాద అంటే పాదపద్మాలు, దివ్య సముఖాలు కాదు. ‘గారు’, ‘దయచేసి’, ‘కోరుతున్నాను’ చాలు. మొదటి ఉత్తరంలోనే కోర్టుకెళ్తామని బెదిరించకూడదు. కింది ఉద్యోగి లంచం అడిగాడన్న ఆరోపణను పని అడిగే అర్జీలో కలపకూడదు. కలిపితే ఆ కాగితం ఉద్యోగి మీద ఫిర్యాదుగా విచారణకు మళ్లుతుంది, అసలు పని నిలిచిపోతుంది. లంచం మాట నిజమైతే ఏసీబీకి (అవినీతి నిరోధక శాఖకు) విడిగా చెప్పాలి. తెలంగాణలో ఆ నంబరు 1064.

భూమి అర్జీల్లో పొరపాట్లు ఎక్కువ. జనం తాముండే శివారు పల్లె పేరు రాస్తారు. రికార్డులుండేది రెవెన్యూ గ్రామం పేరు మీద. ఆ పేరు లేకపోతే వెతికేవాళ్లకు ఏమీ దొరకదు. సర్వే నంబరు పక్కన సబ్‌డివిజన్ అక్షరమో అంకెనో వదిలేస్తే వేరే రైతు కమతం తేలుతుంది. ఖాతా నంబరు, విస్తీర్ణం పాస్ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించాలి. తెలంగాణలో ఎకరాలు, గుంటలు (40 గుంటలు ఎకరం), ఆంధ్రలో ఎకరాలు, సెంట్లు (100 సెంట్లు ఎకరం). ‘ఎకరన్నర’ అని రాయొద్దు. పాస్ పుస్తకంలో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే ఇద్దరూ ఒకరేనని అర్జీలోనే ఒక వాక్యం రాయాలి. సర్వే, కులం, ఆదాయం సర్టిఫికెట్లు వంటివాటికి తెల్లకాగితం చాలదు, మీసేవ వంటి కేంద్రంలో దరఖాస్తు పెట్టాలి. కోర్టులో నడుస్తున్న తగాదాను ఈ వేదికలు తేల్చవు.

అసలు కాగితాలు ఎప్పుడూ ఇవ్వకూడదు. జిరాక్సులు మాత్రమే ఇచ్చి, అర్జీ కింద ‘జతపరచినవి’ అని వరుస సంఖ్యలతో రాయాలి. ఒక కాగితం ఊడిపోతే ఆ జాబితాయే సాక్ష్యం. పదిమంది కలిసి ఇస్తే ప్రతి సంతకం పక్కనా పేరు, ఇంటి నంబరు ఉండాలి, మాట్లాడటానికి ఒకరి ఫోను నంబరు ఉండాలి. వేలిముద్ర వేస్తే అది ఎవరిదో పక్కన రాయాలి.

ఇంగ్లీషు రాదని ఎవరూ వెనకాడక్కర్లేదు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం రాష్ట్రంలో వాడే ఏ భాషలోనైనా అధికారికి వినతిపత్రం ఇవ్వొచ్చు. కంప్యూటరు సెంటరులో కొట్టించిన అరకొర ఇంగ్లీషు కంటే చేత్తో రాసిన చక్కని తెలుగు మేలు.

ఇచ్చేటప్పుడు రెండు కాపీలుండాలి. రెండోదాని మీద ముద్ర, తేదీ, నంబరు వేయించుకోకుండా కౌంటరు వదలొద్దు. తపాలాలో పంపేవాళ్లకు ఒక మాట: రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. చేరినట్టు రుజువు కావాలని కౌంటరులో విడిగా అడగాలి.

నెల దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే సమాచార హక్కు చట్టం 2005 కింద దరఖాస్తు పెట్టొచ్చు. మన రెండు రాష్ట్రాల్లో గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి రూ.5, ఆ పైన రూ.10. ‘నా పని ఎందుకు చేయలేదు?’ అని అడిగితే అది సమాచారం కాదంటారు. ‘ఫలానా నంబరు, ఫలానా తేదీ నాటి నా అర్జీపై ఇప్పటివరకు తీసుకున్న చర్యల వివరాలు, ఆ ఫైలులోని నోట్ల నకళ్లు, ఇప్పుడు అది ఏ హోదా ఉద్యోగి వద్ద ఉందో ఇవ్వగలరు’ అని అడగాలి. 30 రోజుల్లో జవాబివ్వాలి. రాకపోతే మరో 30 రోజుల్లోగా అదే కార్యాలయంలో పై అధికారికి అప్పీలు వేయొచ్చు. ఇక్కడే ముద్ర వేసిన కాపీ అక్కరకొస్తుంది.

కలెక్టర్లకు ఒక మనవి. సోమవారం కౌంటర్ల దగ్గర ఏ సమస్యకు ఏ అధికారో తెలుగులో పెద్దక్షరాలతో ఒక బోర్డు, కూర్చుని రాసుకోవడానికి ఒక బల్ల, రెండో కాపీ మీద తప్పకుండా ముద్ర, ఈ మూడూ ఏర్పాటు చేయించగలరు. హైస్కూళ్ల తెలుగు పంతుళ్లు సెలవు చీటీతోపాటు పిల్లల చేత ఒకసారి తమ వీధి దీపం గురించి పంచాయతీకి నిజం అర్జీ రాయించి, ఇప్పించగలరు. సంపాదకులారా, మీరు కూడా వారానికొక నమూనా అర్జీని జిల్లా పేజీలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. మొదటిది భూమి రికార్డులో పేరు సవరణ మీద అయితే ఎక్కువమందికి పనికొస్తుంది.

– ఒక విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి, నల్లగొండ జిల్లా