ఎనిమిది సాయంత్రాలు ఫోన్ చేసిన గడియారాల పెద్దాయనకు కృతజ్ఞతలు

ఇప్పుడే ఎనిమిది గంటలు కొట్టింది. నిద్రలేక కళ్లు మండుతున్నా ఈ మాటలు ఈ రాత్రే రాయాలనిపించింది.

హాలిఫాక్స్‌లో మా పక్కింట్లో ఉండి, మా పాపను సొంత మనవరాలిలా చూసుకున్న పెద్దావిడ మాకు రాసిచ్చి వెళ్లిన ఏడడుగుల నిలువు గడియారాన్ని, మేము ఇల్లు మారేటప్పుడు సామాన్లు చేరవేసేవారు లోలకమూ గుండ్లూ తీయకుండానే లారీలో పడుకోబెట్టారు. లోలకాన్ని వేలాడదీసే పలుచని ఉక్కురేకు విరిగింది; డయల్ పైన సగం నలుపు, సగం వెండి రంగుతో తిరిగే చంద్రుడి బంతి ఇరుక్కుపోయింది. ‘పాత వస్తువు, అరుగుదల సహజం’ అని బీమావారు మూడుసార్లు ఒకే జవాబు రాశారు. మనిషి చదివి రాసిన జవాబైతే కాదు.

నాలుగు తరాలుగా గడియారాల పనే చేస్తున్న కుటుంబంలోని ఆ పెద్దాయన, డెబ్బై దాటిన వయసులో, మా హాల్లో మోకాళ్ల మీద కూర్చుని మధ్యాహ్నమంతా పనిచేశారు. 1657లో లండన్‌లో గడియారాలు చేసే ఫ్రొమాంటీల్ కుటుంబంలోని కుర్రవాడు హేగ్ నగరానికి వెళ్లి, అక్కడ గడియారాలు చేసే సాలమన్ కోస్టర్ దగ్గర లోలకపు గడియారాల పని చేశాడనీ, మరుసటి ఏడే తండ్రి లండన్‌లో వాటి అమ్మకానికి ప్రకటన వేశాడనీ తన ఇంటి సంగతిలా చెప్పారు. డయల్ వెనక ఇత్తడి పలక మీద సూదితో గీసిన అక్షరాలు చూపించి, అవి తమ తాతగారివన్నారు. తర్వాత నన్ను కళ్లు మూసుకోమని, ‘టిక్కుకూ టక్కుకూ మధ్య ఎడం సమానంగా ఉందా, కుంటుతోందా?’ అని అడిగారు. కుంటుతోందన్నాను. లోలకాన్ని నెట్టే తీగను వెంట్రుకవాసి వంచారు. సమమయింది. నాకు ఏడుపు ఆగలేదు.

రేకు ధర మాత్రమే తీసుకున్నారు. ఆపై ఎనిమిది రోజులు సాయంత్రం ఫోన్ చేసి, ఎన్ని నిమిషాలు వెనకబడిందో అడిగి, లోలకం అడుగున ఉన్న మరను ఎంత తిప్పాలో చెప్పేవారు. తొమ్మిదో రోజు ఫోన్ రాకపోతే కంగారుపడి నేనే చేశాను. ‘నిన్న సరిగ్గా నడిచిందిగా, ఇంకెందుకమ్మా?’ అన్నారు.

మావారు, మరిది సెలవు పెట్టి బరువులు మోశారు, వారికి వేరే చెప్పనక్కరలేదు.

మరిచాను: పెద్దాయన నంబరు ఇచ్చిన లైబ్రరీ ఆవిడకు, గడియారం పైకప్పు పెట్టెను గీత పడకుండా మెట్లెక్కించిన ఎదురింటి కుర్రాడికి కూడా ధన్యవాదాలు. గుండ్లను చుట్టి తెచ్చిన దుప్పటి ఎవరిదో తెలియలేదు, మా దగ్గరే ఉంది, అడగండి.